ఏ ఎడిషన్ అమ్మారో చెప్పలేని దుకాణానికి ఒక ఫిర్యాదు లేఖ

గౌరవనీయులైన ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: ‘స్కైరిమ్ కంప్లీట్ ఎడిషన్’ పేరుతో మీరు అమ్మిన వీడియో గేమ్ కోడ్, దాని గురించి అడిగిన ప్రశ్నకు ఇంతవరకూ జవాబు రాకపోవడం.

అయ్యా,

మీ సంస్థలో ఇటువంటి పదవి ఒకటి ఉందన్న సంగతి మీ వెబ్‌సైటు అట్టడుగున, కంటికి ఆనని అక్షరాలలో కనిపించింది కాబట్టి ఈ లేఖ నేరుగా మీకే రాస్తున్నాను. ఇంతకు ముందు మీ సిబ్బందిలో పలువురితో మాట్లాడాను. వారందరూ ఎంతో మర్యాదగా మాట్లాడారు గానీ, నేను అడిగిన ప్రశ్నను మాత్రం ఒక్కరూ పూర్తిగా చదవలేదు. ఆ ప్రశ్న చాలా చిన్నది: మీరు నాకు అమ్మింది స్కైరిమ్‌లో ఏ ఎడిషన్?

ఈ ఆట 2011 నవంబరు 11న తొలిసారి విడుదలైంది. తరువాత వచ్చిన మూడు అదనపు భాగాలనూ కలిపి 2013లో లెజెండరీ ఎడిషన్ తెచ్చారు. 2016లో బొమ్మలకు మెరుగులు దిద్ది, 64 బిట్ పద్ధతికి మార్చి స్పెషల్ ఎడిషన్ ఇచ్చారు. 2021లో, సరిగ్గా పదేళ్లు నిండిన రోజున, ఆ స్పెషల్ ఎడిషన్‌కే క్రియేషన్ క్లబ్ (ఆట తయారీదారులే నడిపిన అదనపు అంశాల దుకాణం) సరుకంతా జోడించి యానివర్సరీ ఎడిషన్ అన్నారు. ఆట మీద ఏమాత్రం ఆసక్తి ఉన్నవారికైనా తెలిసిన చరిత్ర ఇది. మీ పేజీలో పెట్టిన పేరు వీటిలో దేనిదీ కాదు. బొమ్మ యానివర్సరీది, కింద రాసిన వివరణ లెజెండరీది, డబ్బు కట్టాక నాకు వచ్చిన కోడ్ స్పెషల్‌ది. ఒకే పేజీలో మూడు ఎడిషన్లను ఇంత ఐకమత్యంగా ఉంచిన దుకాణం మరొకటి ఉంటుందని నేను అనుకోను.

కొనక ముందే అడగవలసింది కదా అంటారేమో. అడిగాను. ‘ఇది స్పెషల్ ఎడిషనా, యానివర్సరీ ఎడిషనా?’ అని మీ పేజీలోనే ప్రశ్న పెడితే, మీ సంస్థ తరఫున ‘అవును’ అని జవాబు వచ్చింది. ఆ జవాబు ఇప్పటికీ అక్కడే ఉంది. దానిని ఇద్దరు ‘ఉపయోగపడింది’ అని మెచ్చుకున్నారు కూడా. వారెవరో, వారికి అది ఏ విధంగా ఉపయోగపడిందో తెలుసుకోవాలని ఉంది.

కోడ్ వేశాక తేడా తెలిసి మీ చాట్‌ను ఆశ్రయించాను. అక్కడ మనిషి కంటే ముందు యంత్రం పలకరించి, ఆర్డరు ఎక్కడుంది, చిరునామా మార్చాలా, రద్దు చేయాలా, డబ్బు వాపసు ఎప్పుడు అనే నాలుగు గడులు చూపించింది. నా ప్రశ్న వాటిలో ఏ గడిలోనూ పట్టలేదు. ఫోను చేస్తే తెలుగు కోసం ఫలానా అంకె నొక్కమన్నారు, నొక్కాను. చాలాసేపు సంగీతం వినిపించి, చివరకు హిందీలో మాట్లాడే అబ్బాయికి కలిపారు. ఆ అబ్బాయిని నేను తప్పు పట్టను. అతడి ముందున్న కాగితంలో గేమ్ అన్న మాట కింద ఏమి రాసి ఉందో అదే చదివాడు: గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను అప్‌డేట్ చేయండి, కంప్యూటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ వేయండి. కంప్యూటర్ బాగానే ఉందనీ, ఆట కూడా నడుస్తోందనీ, నడుస్తున్నది నేను కొన్న ఆట కాదన్నదే నా బాధ అనీ చెప్పాను. అతడు శ్రద్ధగా విని, డ్రైవర్‌ను మరొకసారి అప్‌డేట్ చేయమన్నాడు.

తరువాత మాట్లాడినావిడ తెలుగులోనే మాట్లాడారు. నేను ఎడిషన్ల సంగతి చెప్పడం మొదలుపెట్టగానే మధ్యలో ఆపి, “మేడమ్, ఒకసారి మీ అబ్బాయికి ఫోన్ ఇస్తారా? ఈ గేమ్స్ గురించి పిల్లలకు బాగా తెలుస్తుంది” అన్నారు. అయ్యా, ఈ ఆట ఆడేది నేను. 2011లో ప్లేస్టేషన్ 3 మీద మొదలుపెట్టాను. ఆ రోజుల్లో సేవ్ ఫైలు పెరిగేకొద్దీ ఆట అడుగు తీసి అడుగు వేయలేక ఎలా మొరాయించేదో, డ్రాగన్‌బోర్న్ లాంటి అదనపు భాగాల కోసం మా ప్లేస్టేషన్ వాళ్లం 2013 దాకా ఎలా ఎదురుచూశామో నాకు స్వయంగా తెలుసు. ఆ డిస్కు కొన్నది కూడా మీ దగ్గరే. బూడిదరంగు అట్టపెట్టెలో కొరియర్ ద్వారా వచ్చింది. నడివయసు స్త్రీ ఫోను చేస్తే ఆమె వెనుక ఒక అబ్బాయి ఉండి తీరాలని మీ సిబ్బందికి నేర్పింది ఎవరో దయచేసి విచారించండి. కోడ్ విషయంలో కలిగిన నష్టం కంటే ఆ ఒక్క మాటే నన్ను ఈ లేఖ రాయడానికి కూర్చోబెట్టింది.

పై అధికారితో మాట్లాడతానని పట్టుబడితే ఒక సూపర్‌వైజరు గారు వచ్చారు. వారికి ఆట గురించి కొంత తెలుసు; అదే పెద్ద చిక్కయింది. “మీ గేమ్‌లో చేపలు పట్టడం వస్తోందా?” అని అడిగారు. వస్తోందన్నాను. “అయితే అది యానివర్సరీ ఎడిషనే మేడమ్, మీకు సరైనదే వచ్చింది” అని తీర్పు చెప్పి నా ఫిర్యాదు టికెట్ మూసేశారు. 2021 నవంబరు అప్‌డేట్‌తో స్పెషల్ ఎడిషన్ ఉన్న ప్రతివారికీ చేపల వేట, సర్వైవల్ మోడ్‌తో (ఆకలి, చలి వంటివి తట్టుకుంటూ ఆడే పద్ధతి) కలిపి నాలుగు అంశాలు ఉచితంగానే వచ్చాయి. యానివర్సరీ అంటే ఆ నాలుగు కాదు. ఐదు వందలకు పైబడిన చిన్నా పెద్దా అంశాలు. అవి కావాలంటే స్పెషల్ ఉన్నవారు విడిగా డబ్బు కట్టాలి. ఈ మాటే వివరంగా రాసి, స్క్రీన్‌షాట్లు జతచేసి మెయిలు పంపాను. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లే అయింది. ‘మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడినందుకు సంతోషిస్తున్నాము, మా సేవకు ఐదు నక్షత్రాలు ఇవ్వగలరు’ అని బదులు వచ్చింది.

మళ్లీ రాస్తే, కోడ్ వాడేశారు కాబట్టి వాపసు కుదరదన్నారు. ఆ కోడ్ ఏ ఎడిషన్‌దో వాడితే తప్ప తెలియదు, వాడితే వాపసు లేదు. ఈ నియమాన్ని రూపొందించినవారి తెలివికి నమస్కారం. ఇంకొకరు ఆట తయారుచేసిన కంపెనీని అడగమని సలహా ఇచ్చారు. నా డబ్బు వెళ్లింది వారికి కాదు, మీకు.

ఎడిషన్ ఏదైతే ఏమిటి, ఆట ఒక్కటే కదా అని మీకూ అనిపించవచ్చు. చాట్‌లో మీవారు ఒకరు అన్నారు కూడా. పాత 2011 ఆటకు అభిమానులు తయారుచేసిన మాడ్‌లలో, అంటే ఆటను మార్చే చేర్పులలో, చాలావాటిని స్పెషల్‌కు తగినట్లు మళ్లీ మార్చవలసి వచ్చింది. 2021 అప్‌డేట్ వచ్చాక స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే సహాయక ప్రోగ్రాము మీద ఆధారపడిన మాడ్‌లు ఎన్నో మూలపడి, ఎంతోమంది కావాలనే పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లారు. అంటే ఎక్కువ ధర ఉన్నదే అందరికీ మేలైనదని కూడా కాదు. ఎవరికి ఏది కావాలో వారే తేల్చుకోవాలి, అందుకు పేజీ మీద నిజం ఉండాలి. పేరులోనే ‘కంప్లీట్’ అని రాసి, పక్కన యానివర్సరీ బొమ్మ పెట్టి, దాని కంటే తక్కువది పంపడాన్ని ఏమంటారో మీ న్యాయ విభాగం వారిని అడగండి.

మా కాలేజీలో సహోద్యోగులకు, అక్క పిల్లలకు, వీధిలో గేమ్ అన్నవారికల్లా మీ పేరే చెప్పాను. పోటీ దుకాణాలు ఎన్ని తగ్గింపులు చూపినా మారలేదు. ఇన్నేళ్ల నమ్మకానికి ప్రతిఫలంగా ఐదు నక్షత్రాలు ఇవ్వమని మీరు నన్నే అడుగుతున్నారు.

యానివర్సరీకి కావలసిన అప్‌గ్రేడ్ ఇస్తారా, డబ్బు తిరిగి ఇస్తారా అన్నది మీ ఇష్టానికే వదిలేస్తున్నాను. ఏదో ఒకటి జరగాలి. అంతకంటే ముందు, నేను అడిగిన ప్రశ్న చదివిన మనిషి ఒకరు తన పేరుతో సంతకం పెట్టిన జవాబు నాకు కావాలి. ఆ పేజీని సరిదిద్దాలి. నా అబ్బాయి గురించి విచారించినావిడ క్షమాపణ చెప్పనక్కరలేదు, ఆమెకు అలా మాట్లాడమని శిక్షణ ఇచ్చినవారు చెప్పాలి.

వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాలు, 2020 ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోగా తెలియజేయడం, నెల లోపల పరిష్కరించడం మీ బాధ్యత. మొదటి గడువును మీ సిబ్బంది నా పాత మెయిళ్ల విషయంలో ఎన్నడో దాటేశారు. ఈ లేఖకూ అదే గతి పడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేస్తాను, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 5 లక్షల రూపాయల లోపు విలువకు అక్కడ రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకోవలసిన అవసరమూ లేదు. నా వాదన నేనే వినిపించుకుంటాను. ‘అవును’ అన్న మీ జవాబు స్క్రీన్‌షాట్ తీసి, తేదీ కనపడేలా ముద్రించి ఉంచాను. పేజీ నుంచి దానిని ఇప్పుడు తొలగించినా మీకు ఉపయోగం ఉండదు.

ఇట్లు,
మీ దగ్గర ఇంతకాలం కొన్న ఒక వినియోగదారు

జతపరచినవి: ఆర్డరు రసీదు, మీ పేజీ ప్రతి, ‘పరిష్కరించబడినది’ అని మీరు మూసేసిన టికెట్ల ప్రతులు.