ఒరేయ్ సీనూ, ఈ హోనెస్ కథ విను

మ్యూనిక్,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ సీనూ,

ఇన్నాళ్లూ జవాబు రాయనందుకు ఎంత తిట్టాలో అంతా తిట్టు, పడతాను. ఇక్కడ అందరం బాగున్నాం. పాపకి కిండర్‌గార్టెన్‌లో సీటు దొరికింది, చలి మొదలైంది, ఆవకాయ అడుగంటింది. మిగతావి ఫోన్లో. ఇప్పుడు ఒకాయన గురించి నీకు చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

ఉలి హోనెస్. బయెర్న్ మ్యూనిక్ ఫుట్‌బాల్ క్లబ్బుని ఇంతదాన్ని చేసిన మనిషి.

మా ఆఫీసులో రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దాయన ఉన్నాడని చెప్పానుగా, బయెర్న్ క్లబ్బు సభ్యుడు. మొన్న భోజనాల దగ్గర ఊరికే ఉండలేక "ఆటగాళ్లకి లెక్కలెక్కడ వస్తాయండీ" అన్నాను. నీ డైలాగే. మన ఊరి క్లబ్బు కోశాధికారి గారు, లెక్కల పుస్తకంలో ఆ రెండో పేజీ... సరే, మీ ఆవిడ చదువుతుందేమో, వదిలెయ్. పెద్దాయన ఫోర్కు కింద పెట్టేశాడు. ఇంక ఆ పూట నా పని గోవిందా!

హోనెస్‌ది ఉల్మ్ అనే ఊరు, మాంసం కొట్టు నడుపుకునే కుటుంబం. 1974 ప్రపంచకప్ ఫైనల్లో తొలి నిమిషంలోనే హాలండ్ స్టార్ క్రైఫ్‌ని పడేసి వాళ్లకి పెనాల్టీ ఇచ్చింది ఈయనే. జర్మనీ 2-1తో గెలిచింది కాబట్టి బతికిపోయాడు. 1976లో బెల్‌గ్రేడ్‌లో ఆ అదృష్టం కూడా లేదు. యూరో కప్ (యూరప్ దేశాల పోటీ) ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్తే, ఈయన తన్నిన బంతి గోలుపోస్టు మీదుగా ఆకాశంలోకి పోయింది. తర్వాత వచ్చిన ప్రత్యర్థి చెకోస్లోవేకియా ఆటగాడు పానెంకా, గోల్‌కీపర్ పక్కకి దూకేదాకా ఆగి, మధ్యలోకి మెల్లగా లేపి వేశాడు. ఆ షాట్‌కి ఇప్పటికీ అతని పేరే. ఒకడి పేరు నిలిచిపోయిన సాయంత్రమే ఇంకొకడి పరువు పోయింది చూడు.

మోకాలు దెబ్బతిని ఆట ముగిసేసరికి ఈయనకి 27 ఏళ్లు. 1979 మేలో ఆ క్లబ్బుకే మేనేజరయ్యాడు. నిన్నటిదాకా పక్కన ఆడినవాళ్ల జీతాలు ఇవాళ ఈయన బేరమాడాలి! క్లబ్బుకి చూస్తే ఏడు మిలియన్ మార్కుల (అప్పటి జర్మన్ డబ్బు) అప్పు. రాబడిలో సింహభాగం టికెట్లదే. వానపడి జనం రాకపోతే అంతే సంగతులు. 1984లో తన జట్టులోకెల్లా పెద్ద స్టార్ రుమెనిగని ఇటలీ క్లబ్బు ఇంటర్ మిలాన్‌కి పది మిలియన్ మార్కులకు పైగా పుచ్చుకుని అమ్మేశాడు. అప్పు తీరింది. జెర్సీలు అమ్ముకోవడం, స్పాన్సర్లు, టీవీ డబ్బు, అన్నీ ఒక్కొక్కటిగా పట్టాడు. మధ్యలో తనకంటూ సాసేజ్‌ల ఫ్యాక్టరీ కూడా పెట్టుకున్నాడు. కులవృత్తి వదల్లేదన్నమాట!

ఆగు, అసలుది మర్చిపోయాను. 1982 ఫిబ్రవరిలో హానోవర్‌లో మ్యాచ్ చూడ్డానికి చిన్న విమానంలో బయల్దేరాడు. మొత్తం నలుగురు. ఈయన వెనక సీట్లో నిద్రపోయాడు. విమానం కూలింది. మిగతా ముగ్గురూ పోయారు. చీకట్లో దిక్కు తెలియక తిరుగుతున్న ఈయన ఒక అటవీ ఉద్యోగి కంటపడ్డాడు. ఏం జరిగిందో ఈయనకి అసలు గుర్తే లేదట. ఇది చెబుతున్నప్పుడు పెద్దాయన గొంతు మారింది. నేనూ తినడం ఆపేశాను.

ఇప్పుడు నువ్వు ఎదురుచూసే భాగం. ఇంత లెక్కల మనిషీ స్విస్ బ్యాంకులో ఖాతా పెట్టి కరెన్సీల మీద జూదం ఆడాడు, పన్ను ఎగ్గొట్టాడు. 2014 మార్చిలో, క్లబ్బు అధ్యక్షుడిగా ఉండగానే, కోర్టు. ఎగ్గొట్టింది 3.5 మిలియన్ యూరోలని కేసు పెడితే, మొదటిరోజు తనే లేచి 18.5 మిలియన్లు అన్నాడు. మర్నాడు 27 దాటింది. తీర్పు నాటికి 28.5 తేలింది. మన రెండో పేజీ దీని ముందు ఏపాటిరా! మూడున్నరేళ్ల జైలుశిక్ష వేస్తే అప్పీలుకి కూడా వెళ్లలేదు. అదే ఏడాది నవంబరులో, అలియాంజ్ అరీనా స్టేడియం అప్పు గడువుకి పదహారేళ్ల ముందే తీరిపోయిందని క్లబ్బు ప్రకటించింది. ఆ స్టేడియం కట్టించినవాళ్లలో ముఖ్యుడు అప్పటికి లాండ్స్‌బర్గ్ జైల్లో ఉన్నాడు.

సగం శిక్షయ్యాక 2016లో వదిలారు. ఆ నవంబరులోనే సభ్యులు మళ్లీ అధ్యక్షుణ్ణి చేసుకున్నారు, నూటికి తొంభై అయిదు మందికి పైగా. ఇక్కడ జట్టుని నడిపే కంపెనీలో 75 శాతం వాటా సభ్యుల క్లబ్బుదే, కాబట్టి ఓటుకి విలువుంది. నాకు ఒళ్లు మండింది. జీతంలో నెలనెలా ఇంత పన్ను కోయించుకునేవాణ్ణి కదా! "మీరూ ఆయనకే వేశారా?" అని అడిగేశాను.

ఆయన తిన్నగా జవాబు చెప్పలేదు. "తాగుడుకి బానిసైన పాత జట్టు సహచరుడు గెర్డ్ ముల్లర్‌ని వైద్యానికి పంపి, క్లబ్బులో కోచ్ ఉద్యోగం ఇప్పించింది ఎవరు? డబ్బుల్లేక అల్లాడుతున్న డార్ట్‌మండ్ క్లబ్బుకి, ఆగర్భ శత్రువుకి, రెండు మిలియన్ యూరోలు అప్పిచ్చింది ఎవరు?" అన్నాడు. అది వేరు, ఇది వేరు అన్నాను. "వేరే" అని ఒప్పుకుని కాఫీ తెచ్చుకోవడానికి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచీ తెగడం లేదురా. మాఫీ చెయ్యడానికి మనమెవరం అనిపిస్తుంది, మళ్లీ ముల్లర్ సంగతి గుర్తొస్తే... నీకెలా ఉంది చెప్పు. నువ్వయితే వేసేవాడివే, నాకు తెలుసు. కోశాధికారిని మళ్లీ ఎన్నుకుందామని ముందు చెయ్యెత్తింది ఎవరో ఊరందరికీ తెలుసు.

అయ్యో, కింద వాషింగ్ మెషీన్ నా వంతు అయిపోయింది. పక్క ఫ్లాటావిడ బట్టలు తీసి బుట్టలో పడేస్తుంది, జర్మన్‌లో నాలుగు చీవాట్లు అదనం. పరిగెత్తాలి. అమ్మని అడిగానని చెప్పు, ఆవకాయ సంగతి మాత్రం

నీ,
గోపి