కోళ్ల దాణాలో పచ్చి సోయా: మార్కెట్ యార్డులోనే పరీక్ష పెట్టండి

సంపాదకులకు నమస్కారం.

మేం వెయ్యి బ్రాయిలర్ పిల్లలు వేశాం. 21వ రోజు కాంటా పెడితే ఒక్కోటి 850 గ్రాములు దాటాలి. ఈసారి సగటున 600 కూడా రాలేదు. ఒకటి పెద్దగా ఉంటే పక్కది పిడికెడంత. ఈకలు సరిగా రాలేదు, కింద ఊక తడిసి ముద్దయింది. రోగమనుకుని నాలుగు రోజులు మందులు తాగించాం. చివరికి పశువైద్యుడు వచ్చి, చనిపోయిన రెండు కోళ్లను కోసి, చిన్నపేగు మడతలో ఉండే క్లోమాన్ని వేలితో ఎత్తి చూపించారు. సన్నగా ఉండాల్సింది లావెక్కి ఉంది. "దాణాలో సోయా వేయించిందేనా?" అని అడిగారు.

కాదు. సోయా పొడి అని ఒక వ్యాపారి అమ్మితే తెచ్చి, మక్కల పిండిలో నూటికి ఇరవై పాళ్లు కలిపాం. నూనె తీసిన సోయా చెక్క కంటే చౌకగా వచ్చింది. సంచి మీద వేయించిందా, పచ్చిదా అన్న ముక్కే లేదు. మా ఇంట్లో టెన్షన్ అంతా రేటు గురించే గానీ, ఆ మాట అడగాలని ఎవరికీ తట్టలేదు.

పచ్చి సోయాలో మాంసకృత్తులు దండిగా ఉంటాయి. కానీ వాటిని అరిగించే ట్రిప్సిన్‌ను పని చేయనివ్వని పదార్థాలు కూడా ఆ గింజలోనే ఉంటాయి. అరుగుదల ఆగేసరికి క్లోమం ఇంకా ఇంకా రసం ఊరుస్తుంది, అలా ఊర్చీ ఊర్చీ వాచిపోతుంది. ఆ రసంలో గంధకం ఉన్న అమైనో ఆమ్లాలు (మాంసకృత్తులు తయారయ్యే ముక్కలు) ఎక్కువ. అవి రెట్టలో పోతాయి. అలాంటి ఆమ్లాల్లో ఒకటైన మిథియోనిన్ సోయాలో అసలే తక్కువ, ఉన్నదీ ఇలా పోతే ఇక ఈకలు ఎలా వస్తాయి? కోడి తింటూనే ఉంటుంది, బరువు మాత్రం పెరగదు. పిల్లలకే దెబ్బ ఎక్కువ, పెద్ద కోళ్లు కొంత తట్టుకుంటాయి.

ఇది కొత్తగా తెలిసిన సంగతి కాదు. ఉడికించిన సోయా తిన్న ఎలుకలే బాగా పెరుగుతాయని అమెరికా శాస్త్రవేత్తలు ఆస్బార్న్, మెండెల్ 1917లోనే చూపించారు. నూరేళ్లు దాటినా ఆ మాట మా షెడ్ల దాకా రాకపోవడమే నా బాధ. ఎండబెడితే చాలనుకునేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. ఎండకు ఆ పదార్థాలు చావవు. గింజను బాగా వేయించాలి, లేదా ఆవిరి మీద ఉడికించాలి. అలాగని మాడ్చినా నష్టమే, లైసిన్ అనే మరో అమైనో ఆమ్లం దెబ్బతింటుంది.

మా నిర్మల్ జిల్లాలో సోయా పండుతుంది, చిన్న చిన్న కోళ్ల షెడ్లూ ఉన్నాయి. 2025-26కు కేంద్రం క్వింటాలుకు 5,328 రూపాయల మద్దతు ధర ప్రకటించింది. అయితే తేమ 12 శాతం దాటిందనో, వానకు రంగు మారిందనో గింజను తిప్పి పంపితే రైతు ఏం చేయాలి? వచ్చిన రేటుకు తెగనమ్ముతాడు, లేదా తన కోళ్లకే వేస్తాడు. అతన్ని తప్పు పట్టడం నాకు ఇష్టం లేదు.

పరీక్ష కష్టమేమీ కాదు. పచ్చి సోయాలో యూరియేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది, సరిపడా వేడి తగిలితే అదీ పోతుంది. మా డాక్టరు గారు నా కళ్ల ముందే చేశారు. గాజు సీసాలో గుప్పెడు సోయా పొడి, చెంచాడు యూరియా, కొంచెం నీళ్లు వేసి మూత పెట్టారు. ఇరవై నిమిషాలకు తెరిస్తే అమోనియా ఘాటు ముక్కుకు కొట్టింది. మా సంచిలోది పచ్చిదని అప్పుడు తేలింది. ఆ పరీక్షలో వాడిన యూరియా గానీ, ఆ పొడి గానీ దాణాలో కలవకూడదని కూడా గట్టిగా చెప్పారు.

పశుసంవర్ధక శాఖను, మార్కెటింగ్ శాఖను నేను అడిగేది పెద్ద ఖర్చుతో కూడింది కాదు. విడిగా అమ్మే ప్రతి సోయా దాణా సంచి మీద "వేయించినది" లేదా "పచ్చిది" అని తెలుగులో రాయించండి. రైతు సంఘాలకు వేయించే యంత్రం సబ్సిడీ మీద ఇప్పించండి. దసరా దాటితే భైంసా యార్డుకు కొత్త గింజ వస్తుంది. అప్పటికల్లా అక్కడ ఒక బల్ల, ఒక మనిషి, నాలుగు గాజు సీసాలు ఉండేలా చూడండి.

– ఒక చిన్న కోళ్ల రైతు,
ముథోల్ మండలం, నిర్మల్ జిల్లా