ఈ-వ్యర్థాల లెక్కలో ప్లాస్టిక్‌కూ చోటివ్వాలి

సంపాదకులకు,

పాత టీవీనో పాడైన మిక్సీనో పాత సామాన్లు కొనేవారికి అమ్మినప్పుడు అందులోని రాగికీ, సర్క్యూట్ బోర్డుకూ పలికే ధర పైనున్న ప్లాస్టిక్ డొల్లకు పలకదు. ఈ తేడాను సరిచేయవలసిన చట్టమే దాన్ని మరింత పెంచుతోందని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం ఉత్పత్తిదారులు తమ వస్తువుల వ్యర్థాలను రీసైకిల్ చేయించే బాధ్యత తీర్చుకున్నట్టు చూపడానికి రీసైక్లర్ల నుంచి కొనే ధ్రువపత్రాలను బంగారం, రాగి, అల్యూమినియం, ఇనుము అనే నాలుగు లోహాల లెక్కన జారీ చేస్తున్నారు. ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల కింద ఉత్పత్తిదారులపై ఉన్న బాధ్యత ప్యాకేజింగ్‌కే పరిమితం కావడంతో టీవీ డొల్ల అటూ ఇటూ కాకుండా పోయింది.

ఇది చిన్న లోపం కాదు. పాత టీవీల, కంప్యూటర్ల డొల్లలు త్వరగా అంటుకోకుండా వాటిలో బ్రోమిన్ కలిసిన రసాయనాలు వేసేవారు. వాటిని వేరుచేయకుండా మామూలు ప్లాస్టిక్‌తో కలిపి కరిగిస్తే ఆ రసాయనాలు పిల్లల బొమ్మల్లోకీ వంటింటి వస్తువుల్లోకీ చేరతాయి. ఆరుబయట తగలబెడితే డయాక్సిన్ల వంటి విషాలు పుడతాయి. నిజానికి వేరుచేయడం అసాధ్యమేమీ కాదు. ముక్కలు చేసిన ప్లాస్టిక్‌ను తగిన సాంద్రత గల ఉప్పునీటిలో వేస్తే బ్రోమిన్ ఉన్న బరువైన ముక్కలు చాలావరకు మునుగుతాయి, తిరిగి వాడదగిన ఏబీఎస్, పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్‌ల ముక్కలు తేలుతాయి. ఆ తరువాత ఎక్స్-రే పరికరంతో పరీక్షించి మిగిలిపోయిన బ్రోమిన్ ముక్కలను ఏరవచ్చు. అయితే ఇందుకు ఖర్చవుతుంది, ఆ ఖర్చుకు ధ్రువపత్రం రూపంలో ప్రతిఫలం లేనప్పుడు ఏ కర్మాగారమూ ఆ శ్రమ పడదు.

ఎలక్ట్రానిక్స్‌కు కావలసిన పదార్థాలపై పరిశోధించే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీ-మెట్ హైదరాబాద్ చర్లపల్లిలోని తన కేంద్రంలో సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు రాబట్టే పరిజ్ఞానాన్ని రూపొందించింది. ప్లాస్టిక్ పరిశోధనకు పేరున్న సీపెట్ కేంద్రం కూడా అదే చర్లపల్లిలో ఉంది. డొల్లలను వేరుచేసి శుద్ధిచేసే నమూనా కర్మాగారాన్ని ఈ రెండింటి సహాయంతో తెలంగాణ ప్రభుత్వం నెలకొల్పితే చిన్న పరిశ్రమలు చూసి నేర్చుకోగలుగుతాయి.

సేకరణ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2016 నాటి నియమాల్లో సేకరణ కేంద్రాలకూ, వస్తువులను విడదీసేవారికీ స్థానం ఉండేది. ఇప్పుడు నమోదు తయారీదారు, ఉత్పత్తిదారు, మరమ్మతుదారు, రీసైక్లర్ అనే నలుగురికే పరిమితమైంది. మన గడప దాకా వచ్చి సామాను కొనుక్కుపోయే పేదవాడు ఆ నలుగురిలో లేడు. అతన్ని తప్పించి ఇంటింటి నుంచి ఈ వ్యర్థాలను సేకరించే దారి మన పట్టణాల్లో పెద్దగా వేరే లేదు కనుక, పురపాలక సంఘాలు అతనికి గుర్తింపు కార్డు, చేతి తొడుగులు ఇచ్చి, తెచ్చిన డొల్లలకు కిలోకింత అని కట్టి చెల్లించాలి.

అనుమతి పొందిన ప్రతి రీసైక్లరూ తన దగ్గరికి వచ్చిన ప్లాస్టిక్ ఎంత, అందులో తిరిగి వాడుకకు వెళ్లింది ఎంత, భస్మీకరణకు పంపింది ఎంత అనే వివరాలు ఏటా ప్రకటించేలా రెండు తెలుగు రాష్ట్రాల కాలుష్య నియంత్రణ మండళ్లు ఆదేశించాలనీ, ధ్రువపత్రాల లెక్కలో ప్లాస్టిక్‌ను చేర్చాలని కేంద్రాన్ని కోరాలనీ మీ పత్రిక ద్వారా విజ్ఞప్తి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
హైదరాబాద్