పిల్లల కథలో పెద్దల వాటా

సంపాదకుల వారికి,

లూయిస్ కారోల్ 1865లో వెలువరించిన ‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ను కేవలం బాలసాహిత్యంగా లెక్కగట్టి, పెద్దలకు అక్కరలేనిదిగా పక్కన పెట్టడం సరికాదని నా దృఢాభిప్రాయం. ఆక్స్‌ఫర్డ్‌లో గణితం బోధించిన ఈ రచయిత 1862లో పడవ విహారంలో ముగ్గురు అక్కచెల్లెళ్లకు ఆశువుగా చెప్పిన కథకు పుస్తకరూపమిది. అందుకే కాబోలు, ఇందులోని వింతలకు సైతం వాటిదైన తర్కం ఉంటుంది.

కుందేలు బొరియలో పడిన ఆలిస్ ఒకసారి అంగుళాలకు కుంచించుకుపోయి, మరోసారి పైకప్పును తాకేలా పెరిగి, తానెవరో తనకే తెలియక తికమకపడుతుంటే పిల్లలకు అది వినోదం. బాధ్యతలు మారుతూ వచ్చి, నిన్నటి తమను తామే గుర్తుపట్టలేని పెద్దలకు అదే ప్రశ్న గుండెకు తగులుతుంది. విచారణ ఘట్టం మరీ గొప్పది. ముందు శిక్ష, ఆ తరువాతే తీర్పు అని రాణి గద్దించినప్పుడు పిల్లలు నవ్వుతారు, అధికారం తీరు ఎరిగినవారు ఉలిక్కిపడతారు. కానీ ఆ కొలువంతా వట్టి పేకముక్కలేనని బాలిక ఎదిరించి పలికినప్పుడు ఇద్దరి సంతోషమూ ఒక్కటే. పైగా, ప్రతిదానిలోనూ నీతి వెతికే డచెస్‌ను హాస్యపాత్రగా నిలిపిన ఈ కథ ఎవరికీ ఉపదేశం చేయదు.

మీ పుస్తక సమీక్షల పుటలో ఇటువంటి రచనలను పెద్దల పుస్తకాల సరసనే చర్చించవలసిందిగా, సంక్షిప్త ప్రతులకు బదులు సంపూర్ణ ప్రతులనే సూచించవలసిందిగా కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు