రేటింగ్ చూసి ఊరిని పక్కన పెట్టేయమనకండి

సంపాదకుల వారికి,

అమెరికాలో చిన్న ఊళ్లకు ఉద్యోగాల మీద వెళ్లే తెలుగు కుటుంబాల కోసం పోయిన ఆదివారం మీ ఎన్నారై పేజీలో ఇచ్చిన సలహాలు చదివాను. ఇల్లు, కారు, ఇన్సూరెన్స్ గురించి రాసినవి బాగానే ఉన్నాయి. కానీ వెబ్‌సైట్లు మిడిల్ స్కూల్‌కి (ఇంచుమించు ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఉండే బడికి) ఇచ్చే రేటింగ్ పదికి ఐదు కన్నా తక్కువుంటే ఆ ఊరి ఆలోచనే మానుకోమనీ, "అక్కడ ఎలాంటి పిల్లలు చదువుతున్నారో" కూడా చూసుకోమనీ రాశారు. ఆ మాట దగ్గర మనసు చివుక్కుమంది. ఎలాంటి పిల్లలు అంటే ఏమిటండీ? మా అమ్మాయి అలాంటి బళ్లోనే ఏడో తరగతి చదువుతోంది. మావారు డాక్టరు, జె-1 వీసా వేవర్ (శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశానికి వెళ్లాలన్న నియమం నుంచి మినహాయింపు) మీద డాక్టర్లు దొరకని ప్రాంతంలో మూడేళ్లు పని చేయాలి కాబట్టి ఈ పల్లెటూరి స్కూల్ డిస్ట్రిక్ట్‌కి (ఆ ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక విభాగానికి) వచ్చాం. ఒక్కో రాష్ట్రంలో ఏటా 30 మంది దాకా డాక్టర్లకు ఈ వేవర్ ఇస్తారు, వాళ్లలో మనవాళ్లూ ఉంటారు. వాళ్ల ఇళ్లలో మీ పేజీ చదువుతారు, అందుకే ఇంత రాస్తున్నాను.

ఇక్కడి చట్టం ప్రకారం ప్రభుత్వ బడుల్లో మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా చదవడంలోనూ లెక్కల్లోనూ పరీక్ష పెడతారు. రేటింగులకు ముడిసరుకు ప్రధానంగా ఆ మార్కులే. వెయ్యి మంది ఉన్న బళ్లో అది కొంత నిలకడగా ఉంటుంది. ఏడో తరగతి మొత్తం కలిపి 25 మందే ఉన్న చోట ఒక్కో పిల్లవాడు నాలుగు శాతం! పరీక్షనాడు ఇద్దరికి జ్వరమొచ్చి సరిగ్గా రాయలేకపోయినా, బాగా చదివే ఒక కుటుంబం ఊరు మారినా, ఆ ఏడు బడి "పడిపోయింది" అంటారు, మళ్లీ పై ఏడాది మంచి బ్యాచ్ వస్తే "పుంజుకుంది" అంటారు, అదే టీచర్లు, అదే పుస్తకాలు. పెన్సిల్వేనియాలో 1,662 బడుల ఐదో తరగతి మార్కులను వెయినర్, జ్వెర్లింగ్ అనే పరిశోధకులు చూస్తే, మొదటి 50 స్థానాల్లో ఆ రాష్ట్రపు అతి చిన్న 50 బడుల్లోవి 6 ఉన్నాయి. చివరి 50లోనూ అలాంటివే 9 ఉన్నాయి. మామూలుగా అయితే ఒకటో రెండో ఉండాలి. పిల్లలు తక్కువైతే మార్కులు అటూ ఇటూ ఊగుతాయి, అంతే.

ఇక "ఎలాంటి పిల్లలు" అని చూడటానికి, బడిలో ఏ రకం పిల్లలు ఎంత శాతమో చెప్పే పట్టిక సంగతి. పేద పిల్లల శాతం చూసి చాలామంది భయపడతారు. ఆ అంకె చాలా చోట్ల మధ్యాహ్న భోజనం ఉచితంగానో తగ్గింపు ధరకో తీసుకునే పిల్లల లెక్కలోంచి వస్తుంది. పేదరికం ఎక్కువున్న డిస్ట్రిక్టులు దరఖాస్తులతో పని లేకుండా బడి మొత్తానికీ ఉచిత భోజనం పెట్టే ఏర్పాటు ఒకటుంది, 2023లో దానికి అర్హతను ఇంకా సడలించారు. అందులో చేరిన బడికి కొన్ని చోట్ల నూటికి నూరు మందీ పేదలే అని కనిపిస్తుంది. డాక్టరు గారమ్మాయి కూడా ఆ నూరులో ఒకరు!

ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లల వరుస ఇంకా అన్యాయం. మాంసం ప్యాకింగ్ ప్లాంట్లలో, పొలాల్లో పని చేసే వలస కుటుంబాల పిల్లలు ఏ ఆరో తరగతిలోనో చేరతారు, కొన్నేళ్లలో భాష పట్టుకుంటారు, పట్టుకున్నాక పేరు ఆ జాబితాలోంచి తీసేస్తారు. కొంతకాలం వాళ్ల మార్కులను అందులోనే కలిపే వీలున్నా ఎప్పటికైనా వదిలేయాల్సిందే. వాళ్ల స్థానంలో అప్పుడే దిగిన కొత్త పిల్లలు వస్తారు. అలాంటప్పుడు ఆ వరుసలో మార్కులు ఎప్పటికి పెరగాలి? మా అమ్మాయి పక్కన కూర్చునే పిల్ల నిరుడు నోరు విప్పేది కాదు, ఈ ఏడు సైన్స్ ప్రాజెక్టులో మాట్లాడాల్సిన భాగం అంతా తనే మాట్లాడింది, మా అమ్మాయి చార్టు పట్టుకుని నిలబడింది. ఆ పిల్లను కూడా కలిపే కదా మీరు "ఎలాంటి పిల్లలు" అన్నది. మన పిల్లల సంగతంటారా, ఏషియన్ అన్న గడిలో అంకే ఉండదు, ఒక చుక్క గుర్తు (*) ఉంటుంది. మరీ కొద్దిమంది అయితే ఎవరి మార్కులో తెలిసిపోతాయని దాచేస్తారు.

ఇంటి పరిస్థితులకూ మార్కులకూ ఎంత దగ్గర సంబంధమో 1966లో కోల్‌మన్ బృందం అమెరికా ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలోనే ఉంది. కాబట్టి సగటు మార్కు చూసి బడి గొప్పదనం చెప్పడం అంటే చాలావరకు తల్లిదండ్రుల జీతం చదివి చెప్పడమే. పిల్లలు ఏడాదిలో ఎంత ముందుకు వెళ్లారన్న లెక్క వేరే ఉంటుంది, దాన్ని గ్రోత్ అంటారు. చిన్న బళ్లో అదీ ఊగుతుంది, అందుకే మూడేళ్లది కలిపి చూడాలి.

మా బడి బ్రహ్మాండంగా ఉందని నేననను. ఏడుకీ ఎనిమిదికీ కలిపి లెక్కల టీచరు ఒక్కరే, ఆవిడ మధ్యలో మానేస్తే కొన్ని నెలలు సబ్‌స్టిట్యూట్‌లతోనే (తాత్కాలిక టీచర్లతోనే) నడిపారు. ఎనిమిదిలో ఆల్జీబ్రా లేదు, కావాలంటే ఆన్‌లైన్‌లో చెప్పించుకోండి అన్నారు, ఆ టెన్షన్ మాకు ఇప్పటికీ ఉంది. బస్సులో గంట ప్రయాణం చేసే పిల్లలు శీతాకాలంలో తరచూ మానేస్తారు. కానీ ఇవన్నీ స్కూల్ బోర్డు మీటింగులో అడగదగ్గ విషయాలు, అక్కడ ఎవరైనా లేచి మాట్లాడొచ్చు, మేం మాట్లాడాం కూడా. చదువుకున్న కుటుంబాలు రేటింగ్ చూసి పక్క టౌనుకు పోయి అక్కడి నుంచి డ్యూటీకి కారులో తిరిగితే, ఆ మీటింగులో అడిగేవాళ్లు తగ్గిపోతారు, పిల్లలు తగ్గితే బడికొచ్చే డబ్బూ తగ్గుతుంది, ఆల్జీబ్రా టీచరును పెట్టడం ఇంకా కష్టమవుతుంది.

డాక్టర్లు చాలామంది జులైలో కొత్త ఉద్యోగాల్లో చేరతారు, ఊళ్లు ఇప్పుడే చూసుకుంటూ ఉంటారు. దయచేసి ఆ సలహాను సవరించి మళ్లీ వేయండి. రేటింగ్ బదులు ఏం అడగాలో రాయండి: ఎనిమిదిలో ఆల్జీబ్రా ఉందా, గత మూడేళ్లలో ఎంతమంది టీచర్లు మానేశారు, బడి రోజుల్లో పదో వంతు, అంతకు మించి ఎగ్గొట్టే పిల్లలెందరు, మూడేళ్ల గ్రోత్ ఎంత. వీటిలో హాజరు, గ్రోత్ లాంటివి చాలావరకు రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్లలో దొరుకుతాయి, మిగతావి ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసి అడిగితే చెబుతారు. "ఎలాంటి పిల్లలు" అన్న వాక్యం మాత్రం పూర్తిగా తీసేయండి.

– ఒక పాఠకురాలు