అమ్మాయికి, విశ్వాసం గురించీ క్రియల గురించీ

చిన్నీ,

ప్రభువు నామంలో శుభాలు. ఫోన్‌లో నువ్వు అడిగినదానికి హడావుడిగా జవాబు చెప్పడం ఇష్టం లేక ఇది రాస్తున్నాను.

నైట్ డ్యూటీల వల్ల ఆదివారం ఆరాధన తప్పిపోతోందని, దేవుడి దగ్గర నీ లెక్క తగ్గిపోతోందేమోనని టెన్షన్ పడుతున్నావు. సిలువ మీద యేసు పక్కనున్న దొంగను గుర్తు తెచ్చుకో. బాప్తిస్మం లేదు, కానుక లేదు, ఒక మంచి పని చేద్దామన్నా చేతులకు మేకులున్నాయి. ‘నన్ను జ్ఞాపకం చేసుకో’ అన్నాడు, అంతే. ఆ రోజే పరదైసు దొరికింది. నీ ఆదివారాలు లెక్కపెట్టి దేవుడు నిన్ను కూతురిగా ఒప్పుకోలేదు తల్లీ.

అయితే ఎఫెసీ పత్రిక రెండో అధ్యాయంలో మనవాళ్లు ఎనిమిది, తొమ్మిది వచనాలు, అంటే రక్షణ కృపవల్లనే, క్రియలవల్ల కాదు అనే మాటలు చదివి ఆపేస్తారు. పదో వచనం మనల్ని సత్క్రియలు చేయడానికే సృష్టించాడంటుంది. రక్షణ పొందానని సాక్ష్యం చెప్పి, కోతకు వచ్చినవాళ్ల కూలి ఎగ్గొట్టేవాళ్లను చూస్తే నాకు కోపం ఆగదు. యాకోబు తన పత్రికలో తిట్టింది సరిగ్గా అలాంటివాళ్లనే.

విశ్వాసంవల్లనే నీతిమంతులమవుతామని పౌలు అంటాడు, క్రియలు లేని విశ్వాసం మృతమని యాకోబు అంటాడు. ఇద్దరూ సాక్షిగా పిలిచింది అబ్రాహామునే. ఆదికాండం 15లో అతను నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది. అప్పటికి సున్నతి లేదు, ఇస్సాకు పుట్టనే లేదు. పౌలు పట్టుకున్నది ఆ రోజును. యాకోబు చూపించేది 22వ అధ్యాయం, కొడుకును బలిపీఠం మీద పెట్టిన రోజు. మధ్యలో ఎన్నో ఏళ్లు గడిచాయి. నమ్మకం ముందు, ఆ పని తర్వాత. వాళ్లిద్దరి మధ్యా తగాదా ఉందని నేననుకోను.

నీ ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్) రూమ్మేట్‌తో వాదన పెట్టుకోకు. కృప లేకుండా సొంత క్రియలతోనే నీతిమంతులమవుతామని వాళ్ల సంఘమూ చెప్పదు. 1547లో వాళ్ల ట్రెంట్ మహాసభే ఆ మాటను ఖండించింది. 1999 అక్టోబర్ 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో కాథలిక్కులు, లూథరన్లు కృపవల్లనే మనం అంగీకరించబడ్డామని కలిసి సంతకాలు చేశారు. తేడాలు ఇంకా ఉన్నాయి, కానీ మనవాళ్లు ప్రసంగాల్లో చెప్పినంత దూరం లేదు.

మన ఒంగోలు సంగతి ఒకటి రాయాలి. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. కూడు కోసం మతంలో చేరారనే మాట రాకూడదని కరువు రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అన్నం పెట్టడానికి ఆయన విశ్వాసం అడగలేదు, విశ్వాసానికి వెల కట్టనూ లేదు. నాకు ఈ విషయంలో ఇంతకంటే మంచి పాఠం ఎక్కడా దొరకలేదు.

డ్యూటీ లేని రోజు రోమా పత్రిక నాలుగో అధ్యాయం, యాకోబు పత్రిక రెండో అధ్యాయం వరసగా చదువు. నీ రూమ్మేట్‌తో కలిసి చదివితే మరీ మంచిది. తను ఏమన్నదో నాకు రాయి.

మీ నాన్న