ఎదురుకాళ్ళ బిడ్డ గురించి

ప్రియమైన నేస్తానికి,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. 32వ వారం స్కానింగులో బిడ్డ ఎదురుకాళ్ళతో ఉన్నదని తెలియగానే మీ అత్తగారు ఆపరేషను తప్పదని తేల్చేశారనీ, ఆనాటి నుంచి నీకు నిద్ర పట్టడం లేదనీ చదివి వెంటనే రాయడానికి కూర్చున్నాను. ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తొక్కితే నడుము నొప్పి పోతుందని మా నాయనమ్మ అలాంటివారి కోసం ఊరంతా వెతికించేది. వాళ్ళను కన్న తల్లులు ఎంత అవస్థ పడ్డారో మాత్రం ఎవరూ అడిగేవారు కాదు.

28వ వారంలో ప్రతి నలుగురైదుగురు బిడ్డల్లో ఒకరు అలాగే ఉంటారు. నెలలు నిండేసరికి చాలామంది తమంతట తామే తల కిందికి తిప్పుకోగా, నూటికి ముగ్గురో నలుగురో మిగులుతారు. ఉమ్మనీరు మరీ ఎక్కువగా ఉన్నా, మాయ గర్భాశయ ముఖద్వారానికి అడ్డుగా ఉన్నా, కవలలైనా బిడ్డ ఎదురుకాళ్ళతో ఉండిపోయే అవకాశం పెరుగుతుంది. ఒక్కోసారి ఏ కారణమూ కనిపించదు.

ఈ తిరగడానికి ఇంత ప్రాముఖ్యం ఎందుకంటే, బిడ్డ శరీరంలో తలే పెద్దది, గట్టిది. అది ముందు వస్తే మిగతా శరీరం సులువుగా జారుతుంది. కాళ్ళు ముందు వస్తే తల చివరికి మిగిలి, ఈలోగా బొడ్డుతాడు నలిగే ప్రమాదం ఉంటుంది.

తల కిందికి ఉన్నంత మాత్రాన అంతా సవ్యమని కూడా అనుకోకు. గడ్డాన్ని ఛాతీకి ఆనించి, తల్లి వీపు వైపు ముఖం పెట్టి వచ్చే బిడ్డ తల సుమారు 9.5 సెంటీమీటర్ల కొలతతో దారిలోకి దిగుతుంది. ముఖం పొట్ట వైపుకు ఉండి మెడ సరిగా వంగకపోతే ఆ కొలత 11.5 దాకా పెరుగుతుంది. మా పెద్దవాడు అలాగే వచ్చాడు. నొప్పులన్నీ నడుములోనే వస్తుంటే నాకేదో అయిందని హడలిపోయాను, ఎందుకని అడిగితే చెప్పే తీరిక అక్కడ ఎవరికీ లేకపోయింది. రాత్రి డ్యూటీకి వచ్చిన ఒక నర్సు నన్ను చేతులూ మోకాళ్ళ మీద వంగి ఉండమన్నాకే కొంత ఊరట కలిగింది. తెల్లవారుజామున వాడు తిరిగాడు.

నీ విషయంలో 36వ వారం దాకా ఆగవచ్చు. అప్పటికీ తిరగకపోతే, పొట్ట మీద చేతులతో నొక్కుతూ బిడ్డను బయటి నుంచే తిప్పే పద్ధతి ఒకటి ఉంది. సుమారు సగం మందిలో అది ఫలిస్తుంది. బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ, అవసరమైతే వెంటనే ఆపరేషను చేయగల ఆసుపత్రిలోనే చేయించుకోవాలి; అందరు డాక్టర్లూ చేయరు కనుక ముందే అడుగు. మన ఇళ్ళల్లో చెప్పే పొట్ట రుద్దుళ్ళ జోలికి మాత్రం పోవద్దు. బిడ్డ పూర్తిగా అడ్డంగా ఉండిపోతే ఆపరేషనే దారి; ఏ పని చెడినా 'అడ్డం తిరిగింది' అనే మనకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

బిడ్డ తిరగకముందే ఉమ్మనీరు పోతే, నొప్పులు రానీ అని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళు, ఎందుకంటే ఆ నీటితో పాటు బొడ్డుతాడు జారవచ్చు. ఈ ఒక్క విషయం మీ ఆయనకూ అత్తగారికీ ఈ రోజే చెప్పి ఉంచు.

నీ నేస్తం